ఏడు మాటల పంపకం

మా ఇంట్లో ఏడు మాటల పంపకం మూడు ఆదివారాలు సాగింది. ఎకరం పొలం పంచుకునే అన్నదమ్ములు కూడా అంతసేపు కూర్చోరు.

గుడ్ ఫ్రైడే నాడు పగలు పన్నెండు నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగించడం మా క్రైస్తవుల్లో పాత ఆచారం. ఏటా ఏ సంఘం తలుపులు ఆ సంఘం వేసుకుని, తన ఏడు మాటలు తనే చెప్పుకుని, తనే విని ఇంటికి పోయేది. ఆ ఏడాది మాత్రం మా రాయగడలో ఎనిమిది సంఘాలు కలిసి ఒకే పందిట్లో చెప్పుకోవాలని తీర్మానించుకున్నాయి. కారణం లేకపోలేదు. క్రిస్మస్ ముందు కొండ ఊళ్లలో పాటలు పాడబోయినవాళ్లని రెండు చోట్ల వెనక్కి పంపేశారు. ఒక ఊళ్లో ప్రార్థన పాకకి తాళం పడింది. ఆ వీడియోలు ఫోన్లలో తిరిగేసరికి మా పెద్దలకి ఐక్యత గుర్తొచ్చింది. భయం వేస్తే తప్ప పక్కవాడి మొహం చూడని బాపతు మావాళ్లు.

ఒకరి చర్చికి ఇంకొకరు రారు కాబట్టి సమావేశాలకి మా ఇల్లు దొరికింది. మా ఆయన త్రినాథరావు రైల్వేలో సిగ్నల్ టెక్నీషియను, రైల్వే కాలనీ తెలుగు సంఘానికి కార్యదర్శి. ఈ ఐక్య ఆరాధనకి కన్వీనరు పదవి కూడా ఆయనకే దక్కింది. ఆ మాట ఫోన్లో ఎవరికి చెప్పినా గొంతు కొంచెం లావు చేసుకుని చెప్పేవాడు. నా పేరు సుమతి. మున్సిపల్ ఆఫీసులో కాంట్రాక్టు మీద డేటా ఎంట్రీ చేస్తాను. వచ్చినవాళ్లకి టీలు పెట్టేదీ, మీటింగు నోటీసులు తెలుగులోనూ ఒడియాలోనూ టైపు చేసేదీ నేనే.

సంఘాలు ఎనిమిది, మాటలు ఏడు. అక్కడ వచ్చింది తంటా. మొదటి మాట, అంటే క్షమాపణ మాట, అందరికీ కావాలి. జనం అప్పటికి ఓపికగా ఉంటారు, పిలిచిన అతిథులు ఇంకా లేచిపోరు. ఏడో మాట కూడా అందరికీ కావాలి. ఆలస్యంగా వచ్చేవాళ్లు అప్పటికి వచ్చేసి ఉంటారు. నాలుగో మాట ఎవరికీ వద్దు. తండ్రి తన చెయ్యి ఎందుకు విడిచాడని ప్రభువు అరిచిన మాట అది. దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడాలంటే కాస్త చదువుకుని రావాలి. దాన్ని మార్కెట్టు వెనక ఒడియా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు మనోరంజన్ నెత్తిన పెట్టారు. వయసులో చిన్నవాడు, కాదనలేకపోయాడు.

మా సంఘం పాస్టరు గున్నయ్య గారు అందరిలోకీ పెద్దవారు. మాచ్‌ఖండ్ కరెంటు కాలనీలో పుట్టానని, తనకి బాప్తిస్మం ఇచ్చింది దొరగారని చెప్పుకుంటారు. ఆయన మూడు గంటలూ అధ్యక్షత వహిస్తానన్నారు. అంటే ఏడుగురి కంటే ఎక్కువ ఆయనే మాట్లాడతారన్నమాట. మా సంఘం వాటాకి వచ్చిన మూడో మాట, తల్లిని శిష్యుడికి అప్పగించిన మాట, కార్యదర్శి హోదాలో మా ఆయనకి ఇచ్చారు. ఇక ఏడు సంఘాలకి ఆరు మాటలు మిగిలాయి. రెండో ఆదివారం ఈ లెక్క దగ్గరే పొద్దు గూకింది. చివరికి గున్నయ్య గారికి ఉపాయం తోచింది. ఐదో మాటని, దాహం మాటని, రెండు ముక్కలు చేశారు. పది నిమిషాలు ఒక సంఘం తెలుగులో, పది నిమిషాలు ఇంకో సంఘం ఒడియాలో. ఏడింటిలోకీ పొట్టి మాటల్లో ఒకటది. దాన్ని కూడా నరికి పంచుకున్నారు.

మూడోది మట్టలాదివారం. బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలన్న చర్చ నడుస్తుండగా కుంతి వచ్చి వెనక వసారాలో మా అత్త దగ్గర కూర్చుంది.

మా అత్త తవిటమ్మ మున్సిపాలిటీలో స్వీపరుగా చేసి రిటైరైంది. ముప్పై రెండేళ్లు బస్టాండూ సంత వీధీ ఊడ్చింది. కుంతి వాళ్లమ్మ ఆ సంతలో చింతపండూ అడ్డాకులూ అమ్మేది. ఆమె పోయాక కుంతి అమ్ముతోంది. సంతకి వచ్చినప్పుడల్లా మా వసారాలో కాసేపు నడుం వాల్చి, మా అత్తతో నాలుగు మాటలు చెప్పుకుని వెళ్లడం ఆమెకి అలవాటు. వాళ్ల ఊరి పేరు చెప్పను, ఏ బ్లాకో కూడా చెప్పను. వాళ్లు అక్కడే బతకాలి.

"బోరింగుకి గొలుసేసేరు మావుసీ," అంటోంది కుంతి. ఒడియాలో పిన్నిని అలా పిలుస్తారు. "పేర్దనకెల్లే మూడిళ్లోళ్లం దాన్ని ముట్టకూడదంట. గెడ్డ కాడికెల్లి నీల్లు తెచ్చుకుంటన్నాం."

"ఈ ఎండల్లో గెడ్డలో ఏటుంటాదే?"

"సెలమ తవ్వుకుని గిన్నెతో తోడుకుంటన్నాం. కడవ నిండేతలికి పొద్దెక్కిపోతంది. పేర్దన మానేస్తామని ఏలిముద్రలేస్తే గొలుసు తీసేస్తారంట."

"మరి మీరేటన్నారు?"

"మా మావ ఎయ్యనన్నాడు. నానూ ఎయ్యను." కుంతి గొంతులో ఏడుపు లేదు. సంతలో బేరం చెప్పినట్టే చెబుతోంది. "బ్లాకు ఆఫీసరు బాబు శాంతి కమిటీ ఎడతానన్నాడు. రెండేపులోళ్లూ కూకోవాల. మీ ఏపు పట్నంలో పెద్దలుంటే పిలుసుకు రమ్మన్నాడు. మాకు పెద్దలెవులున్నారు మావుసీ?"

మా అత్త లేచి, కుంతి చెయ్యి పట్టుకుని ముందు గదిలోకి నడిపించుకొచ్చింది.

"బాబూ, ఈ అమ్మి మాట ఒకటి ఇనండి. బేనరు తరవాత రాసుకుందురు," అంది.

కుంతి అంతా మళ్లీ చెప్పింది. ఎనిమిది మందీ తలలూపుతూ విన్నారు. తలలూపడంలో మావాళ్లని మించినవాళ్లు లేరు. విన్నాక గున్నయ్య గారు ప్రసంగాల కోసం దాచుకున్న గొంతు తీశారు.

"తల్లీ, నీవు ఏ సంఘపు బిడ్డవు? నీకు బాప్తిస్మము ఎవరిచ్చిరి?"

పొట్టంగి వైపు నుంచి వచ్చే ఒక బోధకుడు గెడ్డలో ముంచి ఇచ్చాడని చెప్పింది కుంతి. ఆయన ఏ సంఘం మనిషీ కాడు. నడిచి వచ్చేవాడు, నడిచి పోయేవాడు. రెండేళ్ల కిందట జ్వరం వచ్చి చనిపోయాడు.

"ముంచి ఇచ్చాడంటే మా లెక్కలోకి రారు. మేం చిలకరించేవాళ్లం," అన్నారు ఒకరు.

"ముంచినంత మాత్రాన మావాళ్లయిపోతారా? మా రిజిస్టర్లో పేర్లుండాలి కదా," అన్నారు ముంచే సంఘం ఆయన.

ఇంకాసేపు ఆ మూడు కుటుంబాలు ఎవరి కిందికి వస్తాయన్న దాని మీద వాదించుకున్నారు. వార్షిక నివేదికలో సభ్యుల సంఖ్య రాసుకోవడానికైతే నావాళ్లంటే నావాళ్లని లాక్కునేవారే. ఇక్కడ పని పడింది కాబట్టి ఒక్కరూ చెయ్యి చాపలేదు.

"గెడ్డలో ములిగితే ఆళ్లంట, నీల్లు జల్లితే ఈళ్లంట," అంది మా అత్త. "ఇప్పుడీ పిల్లకి ములగడానికీ లేవు, జల్లుకోడానికీ లేవు, తాగడానికీ లేవు. ముందు అది సూడండి."

"అమ్మా, నువ్వు లోపలికెల్లు," అన్నాడు మా ఆయన.

"ఆ మీటింగు ఎప్పుడు?" అని ఒడియాలో అడిగాడు మనోరంజన్. అక్కడున్న వాళ్లలో ఆ ప్రశ్న తోచింది అతనొక్కడికే.

"ఈ శుక్కురారం. పన్నెండు గంటలకి. ఆ రోజు సర్కారు సెలవంట, అందరికీ కాళీ ఉంటాదన్నాడు సారు."

ఆ శుక్రవారమే గుడ్ ఫ్రైడే. ఆఫీసరు పాపం క్యాలెండర్లో ఎర్ర అంకె చూసి పెట్టేశాడు. గదిలో అందరూ ఒక్కసారిగా ఊపిరి వదిలారు. జాలి వేసి కాదు, సాకు దొరికినందుకు.

మనోరంజన్ కుర్చీలో ముందుకి జరిగి, "నాలుగో మాట ఇంకెవరికైనా ఇస్తే నేను..." అని నసిగాడు.

"కరపత్రము అచ్చయిపోయినది పాస్టరు గారూ," అన్నారు గున్నయ్య గారు. అతను మళ్లీ వెనక్కి జరిగాడు.

"ఒక్కలొచ్చినా సాలు బాబూ," అంది కుంతి. "మా ఏపు ఒక కుర్సీలో ఎవులైనా కూకుంటే సాలు."

"ఈ అంశమును ప్రార్థనలో పెట్టుకుందాము," అన్నారు గున్నయ్య గారు. అందరూ ఆమెన్ అన్నారు. మావాళ్లు ఒక సంగతిని ప్రార్థనలో పెట్టారంటే అటక మీద పెట్టారని అర్థం. బ్యానరు చర్చ ఎక్కడ ఆగిందో అక్కడ మళ్లీ మొదలైంది.

ఆ వారమంతా మా ఆయన బీరువా అద్దం ముందు నిలబడి మూడో మాట సాధన చేశాడు. తల్లి రుణం గురించి ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ కళ్లజోడు తీసి తుడుచుకోవాలో కూడా కాగితం మీద గుర్తులు పెట్టుకున్నాడు. ఆ గది పక్కనే వసారాలో ఆ తల్లి బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుని ఉండేది.

గురువారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే మా అత్త నా దగ్గరికి వచ్చింది.

"అమ్మీ, రేపు నాతో వస్తావేటి? నాకు సదువు రాదు గదా. ఆళ్లు కాయితం మీద ఏటి రాసినా నాకు తెల్దు. నువ్వుంటే సదివి సెప్తావు."

ఆరో మాట తర్వాత నేను ఒక్కదాన్నే పాడే పాట ఉంది. ఎనిమిది సంఘాల జనం ముందు, మైకులో. నెల రోజులుగా స్నానాల గదిలో పాడుకుంటున్నాను. కొత్త తెల్ల చీరకి ఫాలు కుట్టించుకున్నాను. ఇంతసేపూ వాళ్లందరినీ తీసిపారేశాను కదా, నా సంగతి ఇది.

"రేపు నా పాట ఉందత్తా. ఆదివారం ఇద్దరం వెళ్దాం, తప్పకుండా వెళ్దాం."

"ఆదివారం మీటింగు లేదమ్మీ," అంది.

తెల్లారి మా అత్త తెల్ల చీర కట్టుకుంది. ఉపవాసం ఉండాల్సిన రోజైనా దూరం పోవాలి కాబట్టి గ్లాసుడు అంబలి తాగింది. ఆటో ఎక్కడానికి బస్టాండు వైపు వెళ్లిపోయింది. తల్లి తెల్ల చీరలో బయల్దేరడం చూసిన మా ఆయన, పందిట్లో ముందు వరసలో చోటు పట్టుకోవడానికి పోతోందనుకుని మురిసిపోయాడు. కాదని నేను చెప్పలేదు.

పందిరి బాగా నిండింది. బ్యానరు మీద పేర్లన్నీ గుండ్రంగా రాయించారు, మొదలూ చివరా తెలియకుండా. గున్నయ్య గారు ప్రారంభ పలుకులు ముప్పై అయిదు నిమిషాలు పలికారు. క్షమాపణ మాట చెప్పిన ఆయన, పోయిన ఏడాది తన సంఘం నుంచి విడిపోయినవాళ్లని పేరు పెట్టకుండా పావుగంట దులిపారు. మూడో మాట వచ్చేసరికి రెండు కావొచ్చింది. మా ఆయన నిజంగా బాగా చెప్పాడు. "కన్నతల్లిని కాదనే కొడుకులారా!" అని గర్జించేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. అనుకున్న చోట కళ్లజోడు తీశాడు. ముందు వరసలో వాళ్లమ్మ ఉందో లేదో చూసుకోలేదు.

ఐదో మాటకి అసలు రంగు బయటపడింది. తెలుగు ముక్క చెప్పే పాస్టరు గారు పది నిమిషాల్ని పాతిక చేశారు. ఒడియా ముక్క చెప్పాల్సిన ఆయన లేచి మైకు అందుకోబోతే ఈయన వదల్లేదు. తీగ ఊడి మైకు కీచుమంది. పెద్దవాళ్లిద్దరు పైకెక్కి విడదీశారు. ఆ గొడవ సద్దుమణిగే లోపల వేదిక మీద కూర్చున్నవాళ్లకి చల్లటి నీళ్ల సీసాలు పంచారు. దాహం మాట మీద అరుచుకుని అరుచుకుని అందరి గొంతులూ ఎండిపోయాయి మరి.

నేను నాలుగింటికి పాడాను. బాగా పాడాను. అందరూ మెచ్చుకున్నారు. నాకు చాలా సంతోషం వేసింది. ఆ పూటంతా కొండ మీద ఏం జరుగుతోందో ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

మా అత్త పొద్దు వాలుతుండగా చింతపండు బస్తాల పికప్ వ్యానులో దిగింది. మోకాళ్లు పట్టేశాయి. వసారాలో కూలబడి, ఫ్యాను వేయమంది. నేను కాళ్లు పడుతూ అడిగాను.

"ఏమైందత్తా?"

"కుర్సీలేసేరు అమ్మీ. అటేపన్నీ నిండిపోనాయి. ఇటేపు నానొక్కద్దాన్నే. కుంతీవోళ్లు కింద కూకున్నారు. నువ్వెవులని అడిగేడు సారు. రాయగడ మున్సిపాల్టీ, రిటైరు స్వీపర్నన్నాను. జనం నవ్వేరు."

"నవ్వారా?"

"నవ్వనీ. నానన్నాను, బాబూ, మీరందరూ సంతకొస్తారు, బస్సెక్కుతారు. ముప్పై రెండేళ్లు మీ ఎంగిలాకులు నాను ఎత్తేను. ఎవులు ఏ దేవుడికి మొక్కేరని ఏ ఆకునీ నాను అడగలేదు. మీ బోరింగు నాకంటే పెద్ద మనిసేటి, అన్నాను."

"మరి వాళ్లేమన్నారు?"

"ఒక ముసిలోడు తలొంచుకున్నాడు. ఆడికి నాను తెల్సు. ఎప్పుడో బస్టాండులో తాగి పడిపోతే మొకం కడిగి బస్సెక్కించేను. ఆడే లేచి ఎల్లి గొలుసు తీసేడు. కుంతి కడవ ఎట్టింది, నాను కొట్టేను బోరింగు." మా అత్త తన అరచేతులు చూసుకుని నవ్వింది. "పదేను రోజుల్లో మల్లీ కూకోవాలంట. అప్పుడు కాయితం రాసేస్తే మరి ఎవులూ గొలుసెయ్యలేరంట. నాకు కబురెడతానన్నాడు సారు."

ఈస్టరు బాగానే గడిచింది. ఆ సాయంత్రమే వీడియో వచ్చింది. కొండ ఊళ్లో బోరింగు కొడుతున్న మా అత్త, కింద నాలుగు మాటలు: పట్నం నుంచి వచ్చి మతం మారుస్తున్న ముసలమ్మ. సోమవారం పొద్దున్న మా ఆయనకి ఫోను వచ్చింది. ఆ ఊరి వైపు పోలీసు స్టేషన్ నుంచి. తవిటమ్మ అనే ఆవిడ మీ చర్చి మనిషేనా, కనుక్కుని చెప్పండి అని అడిగారు. అంతే అడిగారు.

గంట తిరగకుండా ఎనిమిది మంది పాస్టర్లూ మా ముందు గదిలో ఉన్నారు. మూడు ఆదివారాల్లో కుదరని ఐక్యత ఆ గంటలో చూశాను. ఎవరి పేరు ముందని అడగలేదు. తెలుగా ఒడియానా అని అడగలేదు. ముంచేవాళ్లూ చిలకరించేవాళ్లూ ఒకే సోఫాలో ఇరుక్కుని కూర్చున్నారు. టీ కూడా వద్దన్నారు. మా అత్త రేషను షాపుకి వెళ్లింది, ఆమె వచ్చేలోగా పని అయిపోవాలి.

"సుమతీ, కంప్యూటరు తెరువు," అన్నాడు మా ఆయన.

గున్నయ్య గారు చెబుతుంటే నేను ఒడియాలోకి మార్చి కొట్టాలి. తవిటమ్మ అను స్త్రీకి మా సంఘములతో ఏ సంబంధమూ లేదు. ఆమె ఎవరి పక్షమునా వెళ్లలేదు. మా సంఘములు ఆమెను పంపలేదు.

"పనిలో పని, ఆ ఊరి మూడు కుటుంబముల సంగతియు కలుపుము అమ్మా," అన్నారు. "వారు కూడ మా సభ్యులు కారని. రేపు ఇంకొక ప్రశ్న రాకుండును."

నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసి మా ఆయన వైపు చూశాను.

"మీ అమ్మ పేరు నేనే కొట్టాలా?"

"పేరు లేకపోతే ఎలాగ? ఊరికే కాయితమే కదా. నా ఉద్యోగం చూడు, నీ కాంట్రాక్టు చూడు. అంతా సద్దుమణిగాక అమ్మకి నేను చెప్పుకుంటాను."

మూడు రోజుల కిందట మైకులో గర్జించిన మనిషే. ఆయన్ని అసహ్యించుకోవడానికి నాకు పూర్తి హక్కు ఉన్నట్టు అనిపించింది. అలా అసహ్యించుకుంటూనే కొట్టాను. ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తప్పు పోకుండా కొట్టాను. ప్రింటు తీశాను. ఎనిమిది సంతకాలు పడ్డాయి. మనోరంజన్ అందరికంటే ఆఖర్ని, కాగితం చదవకుండా పెట్టాడు. కింద కన్వీనరుగా మా ఆయన పెట్టాడు. మా అత్త పంచదార సంచి పట్టుకుని వచ్చేసరికి గది ఖాళీ.

ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆమె కొడుకుని ఒకటే అడిగేది.

"సారు ఫోను సేసేడేటి బాబూ?"

"లేదమ్మా."

"పదేను రోజులన్నాడు."

"సర్కారు పని కదా, ఆలస్యమవుతుంది," అనేవాడు చొక్కా గుండీలు విప్పుకుంటూ. నేను వంటింట్లో ఏదో ఒక గిన్నె తీసి కడుగుతూ ఉండేదాన్ని.

మూడో వారంలో ఒక మధ్యాహ్నం, సంత రోజు కాని రోజు, కుంతి వచ్చింది. నాకు ఆ పూట సెలవు, మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. ముందు గుమ్మంలోంచే లోపలికి వచ్చి, చెంగు ముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన కాగితం నా చేతికిచ్చింది. జిరాక్సు కాపీ. ఎక్కడున్నా గుర్తుపడతాను, ఆ అక్షరాల వరసలు నావి.

"ఇది సదువమ్మా," అంది. "మీటింగులో సారు గబగబా సదివేసేడు. నాకు సగమే తెల్సింది. మావుసీ ఇనాల."

"మీటింగైపోనాదా?" అంది మా అత్త. "నాకు కబురు లేదేటే?"

నేను చదివాను. ఒక్కో వాక్యం తెలుగులోకి మార్చి చదివాను. తవిటమ్మ అనే స్త్రీకి మా సంఘాలతో సంబంధం లేదు. ఆ మూడు కుటుంబాలు మా సభ్యులు కారు. నా గొంతు పాట పాడినప్పటిలాగే స్పష్టంగా వచ్చింది. అది నాకిప్పటికీ కంపరం.

"సారు ఏటన్నాడో తెల్సా మావుసీ," అంది కుంతి. "నిన్ను పిలుద్దామనే, నువ్వు ఏ చర్చిదానివో కనుక్కోమని ఠానాకి సెప్పేడంట. ఆ చర్చోళ్లు వచ్చి, ఈళ్లు మావోళ్లేనని ఒక్క సంతకం ఎడితే సాలు, గొలుసు మరి పడకుండా రాసేద్దును అన్నాడు. ఆళ్లు ఈ కాయితం అంపేరు, ఇంక నానేటి సెయ్యను అన్నాడు. ఊరోళ్లేమో, మీ పట్నపోళ్లే మిమ్మల్ని కాదన్నారు, మరి ఎవులి కోసమే మీ పట్టుదల అన్నారు. తెల్లారేతలికి గొలుసడిపోనాది."

"మీ మావ ఏటన్నాడు?"

"నిన్న ఏలిముద్రేసేసేడు. మిగతా రెండిళ్లోళ్లూ ఏసేసేరు." చెంగు మళ్లీ ముడేసుకుంటూ, "నాను ఎయ్యలేదు," అంది.

మా అత్త చెయ్యి చాపి కాగితం తీసుకుంది. చదువు రాని మనిషి, కింద ఉన్న సంతకాల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టుకుంటూ పోయింది.

"ఎంతమంది అమ్మీ?"

"ఎనిమిది మంది పాస్టర్లు. కింద మీ అబ్బాయి."

"అందరూ ఎట్టేరా? ఒక్కలు కూడా మానలేదా?"

"మానలేదత్తా."

"రాసిందెవులు?"

అబద్ధం చెప్పడానికి చోటు లేక కాదు. ఒడియాలో టైపు చేసేవాళ్లు రాయగడలో వందమంది ఉన్నారు, ఎవరి పేరు చెప్పినా నమ్మేది.

"నేనే."

కుంతి నా మొహం చూసింది. ఆ ఎనిమిది మందినీ నేను ఇన్నాళ్లూ ఎలా చూశానో అలా చూసింది. తిట్టి ఉంటే నాకు బాగుండేది.

మా అత్త లోపలికి వెళ్లి, రెండు చీరలూ, కంటి చుక్కల మందూ, దుప్పటీ సంచిలో పెట్టుకుని వచ్చింది. కొడుకు వచ్చేదాకా ఆగుతావా అని అడగాలని నా నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఆమె గుమ్మం దాటి చెప్పులు వేసుకుంది, సంచి ఒక పక్క కుంతికి అందించింది. మెట్లు దిగబోతూ వెనక్కి చూసింది.

"ఎండ లోపలికొస్తంది, తలుపేసుకో అమ్మీ," అంది.

వేసుకున్నాను.